పట్నం కట్టినోళ్లకు పట్నంలో జాగా ఏదీ?

విశాఖపట్నం చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది మూడు కట్టడాల చుట్టూనే తిరుగుతారు. 1933లో తెరిచిన రేవు, 1941లో పునాది పడ్డ ఓడల కర్మాగారం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం. మొదటి ఓడ పేరేమిటి, ఏ వైస్రాయి వచ్చాడు, ఏ ప్రధాని రాయి వేసింది అన్నవన్నీ తేదీలతో సహా దొరుకుతాయి. ఉప్పుటేరు బురద తవ్వినోళ్లు, ఖనిజం గంపలు మోసినోళ్లు, పట్నం పాయిఖానాలు ఎత్తినోళ్లు రాత్రి పూట ఎక్కడ పడుకున్నారన్న ప్రశ్నకు మాత్రం ఆ పుస్తకాల్లో జవాబు దొరకదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. విశాఖలో దళితుల ఇల్లులేమి పేదరికం వల్ల దానంతటదే వచ్చిపడలేదు. ప్రతి తరంలోనూ పట్నానికి వాళ్ల పని కావాల్సొచ్చింది. పని ఉన్న చోట వాళ్లు గుడిసె వేసుకుంటే కాయితం లేదన్నారు. కాయితం ఇచ్చిన చోట పని లేదు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషే ఇవాళ ఫుట్‌పాత్ మీద, రైల్వే స్టేషన్ బయట, ఫ్లైఓవర్ కింద కనిపిస్తున్నాడు. అతన్ని 'నిరాశ్రయుడు' అని పిలిచి ఒక రాత్రికి దుప్పటి ఇవ్వడం తేలిక. అతని ఆశ్రయం ఎప్పుడు, ఏ చట్టంతో, ఎవరి అవసరం కోసం పోయిందో చెప్పడం కష్టం. ఆ కష్టమైన పని మనం చెయ్యాలి.

1. ఊరి వెలివాడ నుంచి రేవు పాకల దాకా

ఇంటి జాగా కథ పట్నంలో మొదలవలేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో మాల, మాదిగ, రెల్లి, పైడి కులాల పేటలు ఊరికి ఎడంగా ఉండేవి. పాక వేసుకున్న నేల జమీందారుదో, రైతుదో, సర్కారుదో అయ్యుండేది. నేల వాళ్లది గనక పాలేరు నోరెత్తితే పాక పీకించెయ్యడం ఒక శిక్ష. కూలి పెంచమని అడిగేముందు రేపు పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలని ఆలోచించుకోవాల్సొచ్చేది. ఇంటి జాగా మీద హక్కు లేకపోవడమే వెట్టికి తాళం వేసి ఉంచింది.

ఈ సంగతి తెల్లదొరల ప్రభుత్వానికి తెలీకపోలేదు. మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్‌ని నియమించి, అంటరాని కులాలకు ఇంటి స్థలాలు సేకరించే పని ఆ శాఖకు అప్పగించింది. 1894 భూసేకరణ చట్టాన్ని దీనికి వాడారు. అయితే సేకరణ ఖర్చును సహకార సంఘాల ద్వారా, వాయిదాల మీద, జాగా పొందినవాళ్ల దగ్గరే వసూలు చేసే పద్ధతి పెట్టారు. తరతరాలుగా ఏ భూమిని సాగు చేశారో ఆ భూమిలో నాలుగు గజాల కోసం దళితుడు తానే డబ్బు కట్టాలి. తర్వాత 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. సాగుదారుగా రికార్డులో ఉన్న రైతుకు పట్టా దొరికింది. ఆ రైతు పొలంలో ఒళ్లు వంచిన కూలీకి ఏ రికార్డులోనూ పేరు లేదు. పేరు లేనోడికి పట్టా రాలేదు.

పల్లెలో ఈ స్థితి ఉండగానే బెంగాల్ నాగపూర్ రైల్వే విశాఖలో రేవు కట్టడం మొదలెట్టింది. మధ్యపరగణాల మాంగనీసును సముద్రం దాటించడం దాని ముఖ్యమైన అవసరం. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. 1931లో 57 వేలు దాటిన పట్నం జనాభా 1951కి లక్షా 8 వేలయింది. 1971కి మూడున్నర లక్షలు దాటింది. ఈ పెరిగిన జనంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి, ఒడిశా గంజాం నుంచి కూలికొచ్చిన దళితులు, వెనకబడిన కులాలవాళ్లు చాలామంది. కళాసీలుగా, జట్టు కూలీలుగా, రైల్వే గాంగుల్లో, మునిసిపాలిటీ చీపురు కింద చేరారు.

వచ్చినోళ్లు ఎక్కడ దిగారు? పట్నం మ్యాపు మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. రైల్వే గూడ్సు లైన్ల పక్కన, రేవు చిత్తడి అంచున, గెడ్డల గట్ల మీద, కొండవాలులో. తెల్లవాళ్లకు, ఆ తర్వాత మన పెద్దకులాల అధికార్లకు వాల్తేరు మెట్ట మీద గాలొచ్చే బంగళాలు. కింద పల్లంలో పాకలు. రెల్లి వీధి అన్న పేరులోనే ఆ వీధి ఎవరిదో, వాళ్ల పని ఏమిటని పట్నం అనుకుందో ఉంది. ఊళ్లో వెలివాడకు హద్దు కులం గీసింది. పట్నంలో అదే హద్దును రైలుకట్ట, మురుక్కాలవ, కొండ కలిసి గీశాయి.

2. క్వార్టరు దొరికినోడు, దొరకనోడు

స్వతంత్రం వచ్చాక పరిశ్రమలు వరసగా వచ్చాయి. సింధియా వాళ్లు మొదలెట్టిన ఓడల కర్మాగారంలో తయారైన 'జల ఉష'ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి వదిలాడు. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, 1960లలో ఎరువుల కంపెనీ, భారీ ప్లేట్ల కర్మాగారం, 1970లలో జింకు స్మెల్టరు. ప్రతి కర్మాగారానికీ ఒక కాలనీ ఉంది. క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, పార్కు. ఆ కాలనీల్లో రిజర్వేషన్ల ద్వారా పర్మినెంటు ఉద్యోగం దొరికిన దళితుడికి కూడా క్వార్టరు దొరికింది. మన తరంలో చదువుకున్న చాలామంది అలాంటి ఇళ్లల్లో దీపం కిందే చదువుకున్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

కానీ క్వార్టరు ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. రిటైరైన నెలల్లో తాళం ఇచ్చెయ్యాలి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి ఆ తాళం ఎప్పుడూ చేతికి రాదు. పాచిపని చేసే ఆడమనిషికి, ఓడలో సరుకు దించే రోజుకూలీకి, కాలవలు తీసేవాడికి కాలనీ గేటు దాకానే దారి. అందుకే ప్రతి కాలనీ గోడకు అవతల పాకలు లేచాయి. లోపల పని, బయట పడక. కాలనీ ప్లానులో ఆ పాకలకు గీత లేదు గానీ, ఆ పాకలు లేకపోతే కాలనీ ఒక్క రోజు నడవదు.

యంత్రం వచ్చినప్పుడు ఏమైందో కూడా చూడాలి. 1965లో రేవులో యాంత్రికంగా ఖనిజం ఎగుమతి చేసే ఏర్పాటు వచ్చింది. 1976లో ఔటర్ హార్బరు తెరిచారు. గంపల మీద మోసే ఖనిజం బెల్టుల మీద పోవడం మొదలయింది. తల మీద బరువు దిగినందుకు ఎవరూ ఏడవరు. బరువుతో పాటు కూలి కూడా దిగిపోయింది. కూలి పోయినా పాక ఉన్న నేల రేవుదే, రైల్వేదే. ఆ కుటుంబాల పిల్లలు ఏదో ఒక కాంట్రాక్టరు కింద చేరి, అదే పాకలో ఆక్రమణదారులుగా మిగిలిపోయారు. తాత కాలంలో కూలీల పేట అన్నది మనవడి కాలానికి కబ్జా అయిపోయింది.

మునిసిపాలిటీ పాకీ పని చేసిన రెల్లి కుటుంబాల సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. పట్నం శుభ్రం వాళ్ల చేతుల మీద నిలబడింది గనక వాళ్లను పట్నం లోపలే ఉండనిచ్చారు. ఉండనివ్వడం వేరు, జాగా రాసివ్వడం వేరు. 1990ల నుంచి పారిశుధ్యం కాంట్రాక్టు చేతుల్లోకి పోయేసరికి ఉద్యోగం వారసత్వంగా వచ్చే దారి మూసుకుపోయింది. ఉద్యోగాన్ని నమ్ముకుని ఉన్న ఇల్లు కూడా దానితో పాటే కదిలింది. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణలో రెల్లి, దాని ఉపకులాలకు 2025లో ఆంధ్రప్రదేశ్ కేటాయించిన వాటా ఒక శాతం. ఉద్యోగంలో ఒక శాతం అయినా లెక్క తేలింది. పట్నం నేలలో వాళ్ల వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

3. ఉక్కు హక్కులో ఎవరి వాటా ఎంత?

'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదం కింద 1966లో రాష్ట్రమంతా కదిలింది. పోలీసు కాల్పుల్లో 32 మంది చనిపోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించింది. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేసింది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో గానీ కుదరలేదు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. రాయి వేసిన రోజుకీ అంకితం చేసిన రోజుకీ మధ్య ఇరవయ్యేళ్లకు పైనే. ఆ ఇరవయ్యేళ్లలో 64 గ్రామాల జనం చెల్లాచెదరయ్యారు. 20 వేల ఎకరాలకు పైగా నేల చేతులు మారింది.

నష్టపరిహారం ఇచ్చిన పద్ధతి గురించి కొంచెం నిలబడి ఆలోచించాలి. 1894 చట్టం ప్రకారం పరిహారం నేల మీద హక్కు ఉన్నవాడికి. కొబ్బరిచెట్టుకు రేటుంది, బావికి రేటుంది. ఆ చెట్టెక్కి కాయ దింపేవాడి బతుకుతెరువుకు రేటు లేదు. ఊరు పోయినప్పుడు రైతుకు పొలం పోయింది, డబ్బొచ్చింది. మాలపేటలో కూలీకి నాట్లు పోయాయి, కోతలు పోయాయి, పశువులు మేసే బీడు పోయింది, అప్పు పుట్టే ఊరు పోయింది. చేతికొచ్చింది పాకకు కట్టిన ధర.

ఇల్లు పోయిన కుటుంబాలకు పునరావాస కార్డులిచ్చారు. ఆర్-కార్డు అంటే గాజువాక ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. 16 వేలకు పైగా కుటుంబాలు నిర్వాసితులుగా లెక్క తేలాయి. కార్డుకో ఉద్యోగం అన్న ఆశ మీద ఊళ్లు ఖాళీ అయ్యాయి. దాదాపు సగం మందికి ఉద్యోగం రాలేదు. పెదగంట్యాడ, అగనంపూడి, వడ్లపూడి వైపు నిర్వాసిత కాలనీలు లేచాయి. కార్డు ఇచ్చిన నాడు ఒక కుటుంబం. ఇవాళ ఆ ఇంట్లో మూడో తరం ఉంది, జాగా అంతే ఉంది. ఉద్యోగాలకు చదువు అర్హత అడిగినచోట, నిన్నటిదాకా బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలు వెనక్కి పోయారు. అందరికీ ఒకే నియమం పెట్టినట్టే కనిపిస్తుంది. నియమం ముందు అందరూ ఒకే చోట నిలబడి లేరు.

కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టారు. పోయిన ఊళ్ల పేర్లు, పేటల పేర్లు కాయితాల్లో సర్వే నంబర్లుగా మిగిలాయి. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి ఒప్పుకుంది. కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద సమ్మె కూడా జరిగింది. ప్రైవేటీకరణను మనం ఎదిరించాల్సిందే. ఎదిరించేటప్పుడు ఆ నేల ఎవరి దగ్గర నుంచి, ఏ మాట చెప్పి తీసుకున్నారో కూడా అదే వేదిక మీద అడగాలి. ఇచ్చిన నేల ప్రజల కర్మాగారం కోసం గనక, అది అమ్మకానికి వచ్చిన రోజు ఆర్-కార్డు ఉన్నోళ్లూ, కార్డు కూడా దక్కని కూలీలూ మొదటి హక్కుదారులవుతారు.

4. ఇచ్చిన పట్టా, తీసుకున్న పట్టా

భూమిలేని పేదలకు ప్రభుత్వం బంజరు భూములిచ్చింది. మనవాళ్లు దాన్ని డి-పట్టా అంటారు. ఆ భూమిని పెద్దోళ్లు కొనెయ్యకుండా 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం తెచ్చారు. ఉద్దేశం మంచిది. ఆచరణలో దళితుడి చేతిలో ఉన్న భూమి అమ్ముకోలేనిది, సరైన అప్పు పుట్టనిది అయ్యింది. ప్రభుత్వం 'ప్రజావసరం' అన్నప్పుడు మాత్రం అది తేలిగ్గా వెనక్కి పోయే భూమి. 1978లో నగరాభివృద్ధి సంస్థ వుడా వచ్చాక పట్నం చుట్టూ ఊళ్లు లేఔట్లయ్యాయి. మువ్వలవానిపాలెం అనే పల్లె ఎం.వి.పి. కాలనీ అయ్యింది. పల్లె పేరు మూడు ఇంగ్లీషు అక్షరాల్లో కుదించుకుపోయినట్టే పల్లె పేదలు కూడా పక్కకు కుదించుకుపోయారు.

2020 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విశాఖ చుట్టుపక్కల 10 మండలాల్లో 6,116 ఎకరాలను భూసమీకరణ కింద తీసుకోడానికి ఉత్తర్వు ఇచ్చింది. పేదలకు ఇళ్ల స్థలాలివ్వడం లక్ష్యమని చెప్పింది. తీసుకున్నవాటిలో అసైన్డ్ భూములు, పేదలు ఏళ్ల తరబడి సాగు చేసుకుంటున్న ప్రభుత్వ భూములు ఉన్నాయి. డి-పట్టా ఉన్న రైతుకు ఎకరాకు 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం. పదేళ్లకు పైగా సాగులో ఉన్న పట్టా లేనోడికి 450 గజాలు. ఐదు నుంచి పదేళ్లయితే 250 గజాలు. ఎకరా అంటే 4,840 గజాలు. లెక్క చదువరులే కట్టుకోవచ్చు.

కోర్టు కేసుల తర్వాత 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో సభ పెట్టి, లక్షా 20 వేలకు పైగా ఇంటి పట్టాల పంపిణీ మొదలెట్టారు. పట్నం పేదలకు ఒక్కొక్కరికి సెంటు, అంటే 48 గజాలు. పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇచ్చారు. అది మంచి మాటే. కానీ రేవు దగ్గర, పాతబస్తీలో పొద్దున్నే నాలుగింటికి చీపురు పట్టాల్సిన ఆడమనిషికి సుమారు 30 కిలోమీటర్ల అవతల సెంటు ఇస్తే ఆమె ఏ బస్సెక్కాలి? అంతకుముందు జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునర్నిర్మాణ పథకం కింద మధురవాడ, కొమ్మాది వైపు కట్టిన ఇళ్లది కూడా ఇదే కథ. ఇల్లు దూరం, పని దగ్గర లేదు, బస్సు చార్జీ రోజు కూలిలో కొంత మింగేస్తుంది. కొందరు ఆ ఇంటిని అద్దెకిచ్చో, వదిలేసో మళ్లీ పాత గెడ్డ గట్టుకే వచ్చేశారు. 'ఇల్లిచ్చినా ఉండరు, అమ్ముకుంటారు' అని మధ్యతరగతి వెటకారం చేస్తుంది. తిరిగొచ్చిన కారణం తిండి.

ఇంకో కోణం కూడా ఉంది. ఒక దళితుడి డి-పట్టా తీసుకుని ఇంకో దళితురాలికి సెంటు ఇవ్వడం భూపంపిణీ అనిపించుకోదు. 1976 పట్టణ భూపరిమితి చట్టం విశాఖలోనూ అమలులో ఉండేది. మిగులు భూమి తీసి పేదలకివ్వాల్సిన ఆ చట్టాన్ని 2008లో మన రాష్ట్రంలో రద్దు చేశారు. ఉన్నోడి మిగులు జోలికి పోకుండా లేనోడి ఎకరాన్నే ముక్కలు చేసి పంచారు.

5. 44 శాతం

2011 జనగణన ప్రకారం పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల నిష్పత్తి అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది గ్రేటర్ విశాఖలో, 44.1 శాతం. ముంబయి కూడా 41.3 శాతంతో దీని తర్వాతే. 'స్మార్ట్ సిటీ' అని పిలిపించుకునే నగరంలో ప్రతి వంద ఇళ్లకూ 44 మురికివాడలో ఉన్నాయంటే అది అంచున మిగిలిపోయిన సమస్య కాదు, నగరమే అలా కట్టబడింది. 1988 నుంచి 1990ల మధ్య దాకా బ్రిటిష్ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. రోడ్లు, కాలవలు, దీపాలు, మెట్లు వచ్చాయి. కొండవాలు బస్తీల్లో ఆ మెట్లెక్కే ఇవాళ్టికీ నీళ్ల బిందె పైకి పోతోంది. అయితే కాలవ వేసినంత తేలిగ్గా పట్టా రాలేదు.

మురికివాడ ఉన్న చోటే ప్రమాదం కూడా ఉంటుంది. 1997 సెప్టెంబరు 14న చమురుశుద్ధి కర్మాగారంలో గ్యాసు మంటలంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. మల్కాపురం, శ్రీహరిపురం జనం కట్టుబట్టలతో పరుగెత్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పట్నం మీదికే వచ్చింది. స్లాబు ఇంటికి కిటికీ అద్దాలు పోయాయి, రేకుల ఇంటికి ఇల్లే పోయింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికొచ్చింది, 12 మంది చనిపోయారు. ప్రకృతికీ గ్యాసుకీ కులం తెలీదంటారు. ఎవర్ని కర్మాగారం గోడకు ఆనించి ఉంచాలో నిర్ణయించినవాళ్లకు తెలుసు.

6. గోడ కూడా లేనోళ్లు

ఇక పాక కూడా లేనివాళ్లు. జనగణన దృష్టిలో ఇల్లు లేనివాళ్లంటే రోడ్డు పక్క, ఫుట్‌పాత్ మీద, తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ల మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు. 2001లో దేశంలో 19.4 లక్షల మంది తేలితే, 2011లో 17.7 లక్షలు తేలారు. తగ్గిందని సంతోషపడేలోగా లోపలి లెక్క చూడండి. పల్లెల్లో తగ్గింది, పట్నాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకు పెరిగింది. అదీ ఒక్క రాత్రి, 2011 ఫిబ్రవరి 28 రాత్రి, లెక్కలవాళ్లకు కంటబడినవాళ్లు. పోలీసు తరుముతాడేమోనని చీకట్లోకి జరిగినోళ్లు అందులో లేరు.

విశాఖలో వీళ్లెవరు? రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్, బీచి, చేపల రేవు, కె.జి.హెచ్. బయట ఒక రాత్రి నడిచి చూస్తే తెలుస్తుంది. భవనాల పనికొచ్చి పనయ్యాక షెడ్డు కూలిస్తే రోడ్డున పడ్డ కూలీలు. చెత్త ఏరేవాళ్లు. మొగుడు వదిలేసిన, చనిపోయిన ఆడవాళ్లు. పిల్లలు పంపేసిన ముసలోళ్లు. మతి చలించినవాళ్లు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగిని పెద్దాసుపత్రికి తెచ్చి, వారాల తరబడి గోడవార పడుకునే ఆదివాసీలు. ఇళ్లల్లోంచి వెళ్లగొట్టబడ్డ హిజ్రాలు. ఆడవాళ్లకు రాత్రి నిద్ర ఉండదు. పగలు నిద్రపోయి రాత్రి మెలకువగా ఉండటమే వాళ్ల కాపలా.

వీళ్లలో అద్దె కట్టగలిగినోళ్లూ ఉన్నారు. ఇల్లు దొరకదు. 'మీరేవిటోళ్లు?' అన్న ప్రశ్న దాటాలి. ఇంటిపేరు, ఊరు, తిండి అడిగి కులం తేల్చుకుంటారు. 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు చదవడం వచ్చిన ప్రతి దళితుడికీ దాని అర్థం తెలుసు. ఇది కొత్త సంగతి కాదు. 1917లో కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్‌కు బరోడా సంస్థానంలో ఉద్యోగం దొరికింది, ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకుని ఉంటే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ సాయంత్రం తోటలో చెట్టు కింద కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయాడు. అంత చదువూ, చేతిలో జీతమూ ఉన్న మనిషి ఆ పూట ఇల్లులేనివాడే. ఇల్లులేమిని ఆదాయంతో మాత్రమే కొలిచే పథకాలు ఇక్కడే తప్పుతున్నాయి.

7. చట్టం ఎక్కడి దాకా వచ్చింది?

1977లో అసైన్డ్ భూముల చట్టం తెచ్చిన శాసనసభే అదే ఏడాది బిచ్చమెత్తడాన్ని నిషేధిస్తూ ఇంకో చట్టం చేసింది. భూమిలేనోడికి రక్షణ ఒకవైపు, రోడ్డున పడ్డోడి మీద లాఠీ మరోవైపు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల గురించి మాట్లాడుతూ, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఉందంది. మనిషి పేవ్‌మెంట్ మీద ఎందుకుంటాడంటే పని అక్కడుంది గనక అన్న సత్యాన్ని కోర్టు గుర్తించింది. అయినా నోటీసిచ్చి ఖాళీ చేయించొచ్చని కూడా అంది.

1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసు తీర్పు మనకు ఇంకా దగ్గరిది. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం భూమి సేకరిస్తే భూస్వాములు కోర్టుకెక్కారు. ఆ సేకరణను సమర్థిస్తూ, గౌరవంగా తలదాచుకునే చోటు జీవించే హక్కులో భాగమని ధర్మాసనం చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు, దళితుడు, జస్టిస్ కె. రామస్వామి ఉన్నారు. దళితుల ఇళ్ల కోసం పట్టా భూమిని కూడా తీసుకోవచ్చని చెప్పే ఈ తీర్పును మన అధికారులు ఎంత తక్కువగా తలుచుకుంటారో, అసైన్డ్ భూమి వెనక్కి తీసుకునే షరతును ఎంత ఎక్కువగా తలుచుకుంటారో గమనించాలి.

2010లో ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రోజంతా తెరిచి ఉండే వసతి గృహాలు పెట్టమంది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో అది పథకమయ్యింది. 2011 జనాభా 17 లక్షలనుకున్నా విశాఖకు కనీసం 17 కావాలి. ఎన్నున్నాయి, ఏ వార్డులో ఉన్నాయి, ఆడవాళ్లకెన్ని, తల్లీపిల్లలకు చోటుందా అన్నది ప్రతి సంఘమూ నగరపాలక సంస్థను లిఖితంగా అడగాలి. వసతి గృహం కావాలి. చలిరాత్రి, వానరాత్రి అది ప్రాణం నిలబెడుతుంది. దాన్ని ఇంటికి బదులుగా చూపిస్తే మాత్రం ఒప్పుకోకూడదు.

2024 నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చొద్దంది. అందరం చప్పట్లు కొట్టాం. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు మార్గం, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ వర్తించదని కూడా ఆ తీర్పులో ఉంది. విశాఖలో అతి పేదలుండేది సరిగ్గా అక్కడే. గెడ్డ గట్టు, రైలుకట్ట, రోడ్డు పక్క. పెద్ద చట్టం వాళ్ల దాకా వచ్చి ఒక అడుగు ముందు ఆగిపోయింది.

8. మనం చెయ్యాల్సింది

మొదటిది లెక్క. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించిన జనగణనలో కులాన్ని కూడా నమోదు చేస్తామన్నారు. ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రి విద్యార్థులు, సంఘాలవాళ్లు వాళ్లుండే చోట్లు ముందుగానే గుర్తించి, లెక్కలవాళ్ల వెంట ఉండాలి. లెక్కలోకి రానోడు బడ్జెట్‌లోకి రాడు. 2013 ఉపప్రణాళిక చట్టం కింద దళితుల పేరు మీద ఖర్చు రాసే డబ్బులో ఇల్లులేని దళితుడి వాటా ఎంతని అడగడానికి కూడా ఆ లెక్కే ఆధారం.

రెండోది చరిత్ర. ప్రతి పేట ఎప్పుడు లేచింది, ఎవరి పని కోసం లేచింది, ఎన్నిసార్లు పీకేశారు అన్నది ముసలివాళ్లు బతికుండగానే రాసుకోవాలి. పాత కూలి చీటీ, రేషన్ కార్డు, ఓటరు జాబితా, ఆర్-కార్డు, బడి సర్టిఫికెట్ ఒక్కటీ పారెయ్యొద్దు. కోర్టులో 'ఆక్రమణ' అన్న మాటకు జవాబు ఆ కాయితాలే. ఉపాధ్యాయులు తమ విద్యార్థుల చేత ఈ పని చేయించొచ్చు. పరిశోధకులకు ఇంతకు మించిన అంశం దొరకదు.

మూడోది డిమాండు. ఇల్లు అని ఊరుకోకుండా పనికి దగ్గర ఇల్లు అని అడగాలి. రేవు, రైల్వే, నగరపాలక సంస్థ, ప్రభుత్వ రంగ సంస్థల చేతుల్లో పట్నం నడిమధ్య వాడకుండా పడున్న నేలలో మొదటి వాటా ఆ సంస్థలకు చాకిరీ చేసిన పేటలకు రావాలి. ఉన్నచోటే పట్టా, ఆడవాళ్ల పేరు మీద పట్టా, కదిలించక తప్పని ప్రమాదకరమైన చోట అదే వార్డులో ప్రత్యామ్నాయం. ఒంటరి ఆడవాళ్లు, హిజ్రాలు, అద్దెకుండేవాళ్లు 'కుటుంబం' అన్న నిర్వచనం బయట పడిపోకూడదు.

1985లో కారంచేడు నుంచి తరిమితే మాదిగలు చీరాలలో జాగా పట్టుకుని నిలబడ్డారు. అక్కడ లేచిన కాలనీ వాళ్ల ఉద్యమానికి గడప అయింది. జాగా ఉన్న మనిషి కోర్టుకు పోగలడు, సమ్మె చెయ్యగలడు, పిల్లను బడికి పంపగలడు. అందుకే పల్లెలో ఆనాటి భూస్వామి ఆ జాగా ఇవ్వలేదు. పట్నంలో ఈనాటి పాలకులు ఇస్తే ముప్పై కిలోమీటర్ల అవతల ఇస్తున్నారు. విశాఖలో మన పోరాటం ఆ ముప్పై కిలోమీటర్ల మీద జరగాలి.